పన్నెండు బొంబాయి ట్రిప్పుల దూరం

ఫ్లెక్సీ తయారైపోయింది. చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, కౌంటరు వెనక మూలన నిలబెట్టాను. ఇంకా కట్టడానికి లేదు. ఎందుకంటే ఫ్లెక్సీ మీదున్న మనిషి చెల్లెలు ఇప్పుడు ఆకాశంలో ఉంది. మనకు తెల్లవారే వేళకు ఆక్లాండ్‌లో విమానం ఎక్కింది. దోహాలో దిగి, అక్కడ ఇంకోటి పట్టుకుని, శంషాబాద్‌లో దిగాలి. అన్న సంగారెడ్డి దవాఖానలో ఉన్నాడని, మాట్లాడుతున్నాడని విని ఎక్కింది. ఆమె ఎక్కాక ఒక్క పూటయినా ఆగకుండా ఆయన వెళ్ళిపోయాడు. ఆ సంగతి ఆమెకు దిగేదాకా తెలియకూడదు. సీటుకు బెల్టు పెట్టుకుని, పక్కన తనవాళ్ళంటూ ఒక్కరు లేని చోట తెలియకూడదు. ఈ నియమం నేను పెట్టింది కాదు. ఫ్లెక్సీ మీదున్న మనిషి పెట్టిందే.

జహీరాబాద్‌లో, హైవే పక్కన, నాది ఫ్లెక్సీలు కొట్టే దుకాణం. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, శ్రద్ధాంజలులు. ఒకే మనిషికి మూడూ కొట్టిన సందర్భాలున్నాయి. ఫొటో కూడా ఒకటే వాడాను, ఎవరూ ఏమీ అనలేదు. మా ఊళ్ళో డాక్టరు చెప్పినంత మాత్రాన మనిషి పోయినట్టు కాదు. చౌరస్తాలో ఫ్లెక్సీ లేస్తేనే పోయినట్టు. అందుకే పొద్దున్నే యూత్ ప్రెసిడెంట్ వచ్చాడు. ఏ యూత్‌కు ప్రెసిడెంటో, ఎవరు ఎన్నుకున్నారో ఆయన్ను అడిగితే బాధపడతాడు. వయసు నలభై దాటింది.

"అన్నా, కాకది అర్జెంట్‌గ కొట్టు. కింద నా ఫొటో జర పెద్దగ పెట్టు" అన్నాడు.

"కాక కంటె పెద్దగనా?"

"కాక ఎట్లయినా పోయిండు గదా అన్నా."

కొట్టాను. కానీ ఫ్లెక్సీ ఇవ్వలేదు. పైగా ఆయన ఫోను తీసుకుని ఒక రేకు పెట్టెలో వేసి గొళ్ళెం పెట్టాను. ఆ పెట్టె సంగతి ఆయనకు మూడేళ్ళుగా తెలుసు.

ఫ్లెక్సీ మీద పేరుంది. ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. అందరికీ కాక. మా నాన్నకూ కాకే, నాకూ కాకే. వరుసల సంగతి అడిగితే "హైవే మీద వరుసలుంటయా రా, ఓవర్‌టేక్ చేసుడే" అనేవాడు.

కాక లారీ డ్రైవర్. అల్లం, చెరకు, ఆలుగడ్డ, ఒక్కోసారి ట్రాక్టర్లు. కళ్ళు మసకబారాక లారీ అమ్మేశాడు. అమ్మేటప్పుడు డ్రైవర్ సీటు మాత్రం విప్పి తెచ్చుకున్నాడు. కొన్నవాడు దేని మీద కూర్చుని తోలుకెళ్ళాడో ఇప్పటికీ తెలియదు. ఆ సీటును నా దుకాణం రేకుల కింద సిమెంటు ఇటుకల మీద పెట్టి, రోడ్డు వైపు తిప్పి కూర్చునేవాడు. దాని పక్కన లారీ స్పానర్ల పెట్టె. ఫోములోంచి ఎప్పుడూ అల్లం వాసన వచ్చేది. గిరాకీ వస్తే ముందు కాకను దాటి నా దగ్గరికి రావాలి. సగంమంది దాటేవాళ్ళు కాదు, అక్కడే కూర్చుని ఫ్లెక్సీ సంగతి మర్చిపోయేవాళ్ళు.

ఎదురుగా స్టీరింగ్ లేదు, అద్దం లేదు. అయినా ఏ బస్సన్నా జోరుగా వస్తే కాక కుడికాలు నేలను గట్టిగా నొక్కేది. అట్లా నొక్కి నొక్కి మట్టిలో మడమంత గుంట పడింది. వానాకాలం అందులో నీళ్ళు నిలిచేవి.

"కాకా, నీ బ్రేకుల నీళ్ళొచ్చినయ్."

"వాన్ల బ్రేకులు గిట్లనే పట్టవు రా. జర దూరం జరుగు."

దూరాన్ని ఆయన కిలోమీటర్లలో చెప్పగా నేను వినలేదు. హుమ్నాబాద్ ఒక చాయ్. షోలాపూర్ మూడు చాయ్‌లు, ఒక భోజనం. బొంబాయి అంటే రెండు భోజనాలు, ఒక నిద్ర, లెక్కలేనన్ని చాయ్‌లు. చార్మినార్ ఎంత దూరమని ఒకసారి నేనే అడిగాను. "పటాన్‌చెరు దాంక ఒక్క చాయ్. ఆడికెల్లి దేవుని దయ" అన్నాడు. ట్రాఫిక్ మీద ఇంతకంటే సరైన నివేదిక నేను ఎక్కడా చదవలేదు.

ఇక ఊరంతా భయపడే అలవాటు ఒకటుంది. కాక ఎవరినైనా "తిన్నవా?" అని అడిగితే ఆ మనిషి కూర్చోవడానికి చోటు వెతుక్కునేవాడు. లోకంలో అందరూ పలకరింపుకు వాడే మాటను ఆయన పలకరింపుకు వాడేవాడు కాదు. లారీ లైనులో పద్ధతి అది. చెడ్డ కబురు ఖాళీ కడుపుకు చెప్పరు. విన్నవాడు మళ్ళీ బండి తోలాలి కదా. ముందు తినిపిస్తారు, చెయ్యి కడుక్కోనిస్తారు, అప్పుడు చెబుతారు. మా తాత పోయిన రోజు మా నాన్నను చౌరస్తా హోటల్‌కు తీసుకుపోయి, ఇడ్లీ తినిపించి, చాయ్ కూడా తాగనిచ్చి చెప్పాడు. మా నాన్న ఇప్పటికీ ఆ హోటల్ మెట్లు ఎక్కడు. నా పదో తరగతి రిజల్టు వచ్చిన రోజు కాక నన్ను పిలిచి "తిన్నవా రా?" అన్నాడు. లేదన్నాను. సమోసాలు తెప్పించాడు. రెండు తిన్నాక "నీ నంబర్ లేదు" అన్నాడు. మూడోది కూడా తిని ఉండాల్సింది. ఆ తర్వాత వారం ఇంట్లో ఎవరూ పెట్టలేదు.

కాక పెళ్ళి చేసుకోలేదు. సంబంధం వాళ్ళు వచ్చిన ప్రతిసారీ ట్రిప్పులో ఉన్నాడట. అమ్మానాన్న తొందరగా పోతే, తనకంటే చాలా చిన్నదైన చెల్లెల్ని తనే పెంచాడు. నర్సింగ్ చదివించాడు. నాకంటే నాలుగైదేళ్ళే పెద్ద, వరుసకు అత్త. ఒకసారి అత్తా అని పిలిచాను. చెప్పు చూపించింది. అప్పట్నుంచి అక్క అంటున్నాను. ఆమెకు దోహాలో దవాఖాన ఉద్యోగం వచ్చింది.

ఆమె పెళ్ళాడిన మనిషి కాక లారీ మీద క్లీనరుగా చేసినవాడు. మొగుడంపల్లి దిక్కు పిల్లగాడు. తెలుగు, కన్నడం, హిందీ ఒకే వాక్యంలో మాట్లాడేవాడు, వినేవాడికి అందులో ఏదో ఒకటి తగిలేది. కాకే డ్రైవింగ్ నేర్పాడు. కాకే చెల్లెల్నిచ్చాడు. అయినా క్లీనర్ అనే పిలిచేవాడు. పెళ్ళి ఫ్లెక్సీలో వరుడి పేరు పక్కన బ్రాకెట్లో 'క్లీనర్' అని కొట్టమన్నాడు.

"బాగుండదు కాకా."

"కొట్టు రా. డిగ్రీ అనుకుంటరు."

కొట్టాను. ఎవరో నిజంగానే అదేం కోర్సని అడిగారు.

పెళ్ళయ్యాక ఆమె దోహాకు తిరిగి వెళ్ళింది. కొన్నాళ్ళకు క్లీనర్‌కు న్యూజిలాండ్‌లో పాల ట్యాంకర్ తోలే పని దొరికింది. ఆమెకు అక్కడి వీసా వచ్చేదాకా వాళ్ళ కాపురం ఫోన్లోనే. క్లీనర్ వెళ్ళిన మర్నాడు కాక సీటు మీంచి మెడ తిప్పి నన్ను అడిగాడు.

"ఏం రా, నీ ఫోన్ల విమానాల దూరం వస్తదా?"

"వస్తది కాకా. శంషాబాద్ నుంచి ఏడికి?"

"శంషాబాద్ ఎవనికి గావాలె? దోహా కెల్లి ఆక్లాండ్ చూడు."

"రెండూ మనూర్లు గావు గదా."

"మనోళ్ళున్నరు గదా."

చూశాను. పద్నాలుగున్నర వేల కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానంలో గాలిని బట్టి పదహారు, పదిహేడు గంటలు. చెప్పాను.

"నడుమ ఏడ ఆపుతరు?"

"ఏడా ఆపరు."

"చాయ్‌కి?"

"లోపల్నే ఇస్తరు."

"డ్రైవర్ ఒక్కడేనా?"

"ముగ్గురు నలుగురు ఉంటరు కాకా. మార్చుకుంటరు."

"గది మంచిగున్నది. టోల్ గేట్లు?"

"లేవు."

"ఎదురుంగ వచ్చే బండ్లు?"

"లేవు కాకా."

"మరి గంత సేపెందుకు రా!"

దీనికి జవాబు పైలట్ దగ్గర కూడా ఉండదనుకుంటాను. ఆయనకు అర్థమయ్యేట్టు చెబుదామని లెక్క మార్చాను. జహీరాబాద్ నుంచి బొంబాయికి పోయి రావడం ఒక ట్రిప్పు అనుకుంటే, ఆ దూరం దగ్గర దగ్గర పన్నెండు ట్రిప్పులు. కాక వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. నెలకు నాలుగు ట్రిప్పులు వేసే మనిషి. వేళ్ళు ముడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంటే మా క్లీనర్, మా పిల్ల నడుమ మూడు నెల్ల తొవ్వ ఉన్నది" అన్నాడు.

అప్పటినుంచి తనకు గుర్తొచ్చినప్పుడల్లా అడిగేవాడు. "ఏమన్న తగ్గిందా?"

"దూరం ఎట్ల తగ్గుతది కాకా?"

"కొత్త బైపాస్ ఏస్తె తగ్గదా?"

జోకు వేస్తున్నాడేమోనని ముఖం చూసేవాణ్ణి. కాదు. మా రోడ్డు నాలుగు లైన్లయినప్పుడు షోలాపూర్ ఒక చాయంత దగ్గరయింది. ఆకాశంలో కూడా ఎవడో కాంట్రాక్టర్ పని చేస్తుంటాడని ఆయన ఆశ.

చివరికి ఆమెకు వీసా వచ్చింది. పెట్టె సర్దుకుంది. దోహాలో రాజీనామా పెట్టి, మిగిలిన డ్యూటీలు చేస్తోంది. కాక ఊళ్ళో అందరికీ చెప్పాడు, ఇక ఆ దూరం అవసరం లేదని. సరిగ్గా అప్పుడే క్లీనర్ పనిలోంచి గదికొచ్చి, తలనొప్పని పడుకుని, లేవలేదు. దవాఖానలో మెదడులో నరం చిట్లిందన్నారు, ఊపిరి ఇంకా ఉందన్నారు. ఆమె ఆ పూటే టికెట్ కొనుక్కుని, మనకు తెల్లవారుజామున దోహాలో ఎక్కింది.

ఆ పొద్దున నేను షటర్ ఎత్తేసరికి కాక అప్పటికే సీటులో ఉన్నాడు. ఒళ్ళో ఫోను. నన్ను చూసి, "తిన్నవా?" అన్నాడు.

నా చేతిలో తాళంచెవి కింద పడింది.

"తిన్న కాకా."

"ఏం దిన్నవ్?"

"ఉప్మా."

"క్లీనర్ పోయిండు రా" అన్నాడు. "ఆని రూంల ఉండే పిల్లగాడు ఫోన్ చేసిండు. మా పిల్ల గాల్ల ఉన్నది. దీనికి ఎర్కలేదు. దిగినంక ఆ పిల్లగాడే చెప్తడంట, ముందు ఏమన్న తినిపియ్యమని చెప్పిన. గప్పటి దాంక తెల్వద్దు."

విమానాల్లో ఇప్పుడు వైఫై ఉంటోందని ఆయనకు తెలియదు. ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఎవడైనా వాట్సాప్‌లో దండ వేసిన ఫొటో పెడితే, స్టేటస్ పెడితే, ఆమెకు అక్కడే కనపడుతుందని. వినగానే కాక ముఖం పాలిపోయింది. ఆయన జీవితంలో ఎన్నో ఘాట్ రోడ్లు చూశాడు. అట్లాంటి ముఖం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే యూత్ ప్రెసిడెంట్ బైకు దిగాడు. "అన్నా, శ్రద్ధాంజలి అర్జెంటు. మనోడు న్యూజిలాండ్‌ల..." అంటూనే కాకను చూసి ఆగాడు. చేతిలో ఫోను. తెర మీద క్లీనర్ ఫొటో, చుట్టూ పూలు, మధ్యలో వెలుగుతున్న దీపం. ఇంకా పంపలేదు, తన పేరు రంగు నచ్చక.

కాక లేచి ఆ ఫోను లాక్కున్నాడు. స్పానర్ల పెట్టె తెరిచి అందులో వేశాడు.

"కాకా, నా ఫోన్!"

"విమానం దిగినంక ఇస్త."

"పార్టీ కాల్స్ వస్తయ్ కాకా!"

"రానియ్యి. స్పానర్లు ఎత్తుతయ్."

ఆ రోజు పరామర్శకు వచ్చిన ప్రతి మనిషి ఫోనూ ఆ పెట్టెలోకి పోయింది. ఎదురు తిరిగినవాళ్ళు లేరు. ముఖం చూసి ఇచ్చేశారు. గంటలోపే పెట్టెలోంచి భజనలు, సినిమా పాటలు, కోడి కూత, ఎవరిదో మనవరాలి నవ్వు అన్నీ కలిసి మోగుతున్నాయి. వాడకట్టు ఆడవాళ్ళు ఏడవడానికి వచ్చారు. మొదటి రాగం ఎత్తుకోగానే కాక చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడే వద్దు అక్కా. పిల్ల దిగలే."

నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఏడుపుకు కూడా ల్యాండింగ్ పర్మిషన్ కావలసి వచ్చింది. ఆ మాట నాకు అప్పుడే తోచింది. పైకి అనలేదు. అంటే వాళ్ళు నవ్వేవాళ్ళేమో, నవ్వితే ఏడ్చేవాళ్ళు.

నా ఒక్కడి ఫోను మాత్రం బయట ఉంది, విమానం అందులో ఉంది కాబట్టి. నీలం రంగు మీద వేలిగోరంత పసుపు విమానం. కాక పక్కన ఇటుక మీద కూర్చుని చూపించాను. అరేబియా సముద్రం దాటి కర్ణాటక కింది కొస మీదికి వస్తోంది.

"గది ఏ ఊరు?"

"మంగళూరు దిక్కు కాకా."

"మంగళూరా!" లేచి నిలబడ్డాడు. "అల్లం ఏస్కొని పోయిన రా ఆడికి. నాకు తొవ్వ ఎర్కనే. ఆడ దించమను. నేను పోయి తోల్కొస్త."

"అది ఆపరు కాకా."

"ఒక్క నిమిషం రా. చేయి ఎత్తితె ఆపరా?"

రోడ్డు మీదికి వెళ్ళి దక్షిణం వైపు ఆకాశం చూశాడు. అక్కడ ఏమీ లేదు. ఉన్నా ఆ కళ్ళకు కనపడేది కాదు. ఒక చెరకు ట్రాక్టర్ హారన్ కొట్టుకుంటూ ఆయన్ను తప్పించుకుని పోయింది. నేను వెళ్ళి భుజం పట్టి తెచ్చి సీటులో కూర్చోబెట్టాను.

అప్పుడు గమనించాను. రోడ్డు ఖాళీగా ఉంది. బస్సు లేదు, లారీ లేదు. కానీ ఆయన కుడికాలు గుంటలో నేలను నొక్కి పట్టి ఉంది. పిక్క నరాలు తేలాయి. కాలు లేవడం లేదు.

"కాకా, బండ్లేం లేవు. ఎందుకు తొక్కుతున్నవ్?"

"దిగే దాంక దాని మొగడు బతికే ఉన్నడు రా" అన్నాడు. "ఇంకొంచెం సేపు ఉండనీ."

రెండేళ్ళపాటు దూరం ఏమన్నా తగ్గిందా అని అడిగిన మనిషి ఈయనే.

నా ఫోను మోగింది. అక్క. ఇట్లా రాసింది: "మన దేశం మీదికెల్లే పోతున్న రా. అన్న ఫోన్ చూస్తలేడు. ఆయనెట్లున్నడో రూం పిల్లగానికి మెసేజ్ పెడితె జవాబు లేదు. అన్ననడిగి చెప్పు."

చదివి వినిపించాను. వరసలో ఉన్న ఆడవాళ్ళు మెడలు ఇటు తిప్పారు. పెట్టెలో కోడి కూసింది.

"ఏం పెట్టాలె కాకా? నిద్రపోతుండని పెట్టనా?"

కాక అబద్ధం ఆడలేక కాదు. చెక్‌పోస్టుల దగ్గర ఆయన ఆడిన అబద్ధాలతో ఒక ఫ్లెక్సీ నిండుతుంది. కానీ ఆ క్షణాన చెల్లెలు కళ్ళ ముందు ఆకలితో కూర్చున్నట్టు కనపడిందో ఏమో, ఆయన నోట్లోంచి వేరే మాట రాలేదు.

"తిన్నదా అడుగు. తిన్నవా అని పెట్టు."

పెట్టాను. పంపాక నేనూ ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తెర మీద రెండు గీతలు నీలంగా మారాయి. చదివేసింది. ఆయన పెంచిన పిల్ల. అమ్మ పోయిన రోజు, నాన్న పోయిన రోజు ఆ మాట విని, ముద్ద మింగి, ఆ తర్వాత కబురు విన్న పిల్ల.

"అరె... ఏమన్న రా నేను?" అన్నాడు కాక.

పసుపు విమానం దేశం కొస దాటి మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్ళింది. అప్పుడొచ్చింది జవాబు. "తిన్న." కాసేపటికి ఇంకోటి. "నువ్వు గూడ తిను అన్నా."

వినిపించాను. కాక కుడికాలు మెల్లగా గుంటలోంచి తీసి పక్కన పెట్టుకున్నాడు.

"ఇగ జల్ది పోనియ్యి రా" అన్నాడు. "ఒక్కతే ఉన్నది ఆడ."

ఇంకా పన్నెండు గంటల పైన ఉంది. ఏడవచ్చని ఆడవాళ్ళకు సైగ చేశాడు. వాళ్ళకు అప్పటికి రాగం రాలేదు. ఊరికే కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో అన్నం తెచ్చి పెడితే, చెల్లెలు తినమంది కాబట్టి తిన్నాడు. ముద్ద ముద్దకూ నీళ్ళు తాగుతూ, పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కున్నాడు.

తర్వాత ఆమె అస్థికలు తెచ్చింది. నెల ఉండి మళ్ళీ వెళ్ళింది. ఆక్లాండ్‌లోనే దవాఖాన పని చూసుకుంది. తన మనిషి తిరిగిన రోడ్లేవో చూస్తూ ఉంటానంది. కాక వద్దనలేదు. ఆ రెండు విమానాశ్రయాల మధ్య దూరం మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు. దోహాలో ఎవరూ లేరు ఇప్పుడు. ఒకసారి నేనే ఊరికే, "కాకా, ఏమన్న తగ్గిందేమో చూడనా?" అన్నాను. ఎప్పటిలా ఏదో ఒకటి అంటాడనుకున్నాను. సీటు మీద ఫోము చిరిగిన చోట వేలు పెట్టి లోపలికి నొక్కుతూ, "లోడు లేని తొవ్వ ఎందుకు రా" అన్నాడు.

మొన్న అదే సీటులో గుండె పట్టుకున్నాడు. సంగారెడ్డి తీసుకుపోయాం. నిన్న బాగానే మాట్లాడాడు. ఆక్సిజన్ సిలిండర్ చూసి "ఫుల్ ట్యాంకేనా?" అని నర్సును అడిగాడు. చెల్లెలు టికెట్ కొన్నదని చెబితే కళ్ళు మూసుకుని నవ్వాడు. నా చెయ్యి దగ్గరికి లాక్కున్నాడు.

"నేను బ్రేక్ మీదికెల్లి కాలు తీసిన అని చెప్పు. జల్ది రమ్మను."

"చెప్త కాకా."

"నడుమ నాకేమన్న అయితె, దిగే దాంక చెప్పకుండ్రి. ఈసారి నన్నడగకు, నేను మల్ల ఏదో ఒకటంట."

అది నాతో ఆయన వేసిన చివరి జోకు. నవ్వాను కూడా.

ఈ పొద్దున ఆమె ఎక్కాక ఆయన పోయాడు. ఇంట్లో ఐసు పెట్టెలో ఉన్నాడు. వాడకట్టు ఆడవాళ్ళు మళ్ళీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే. స్పానర్ల పెట్టె నా కౌంటరు కింద మోగుతోంది. రేపు శంషాబాద్ వెళ్ళాల్సింది నేనే. చెప్పాల్సిందీ నేనే.

ఇంతవరకు రాసేసరికి నా ఫోను మోగింది. ఆస్ట్రేలియా మీద నుంచి అక్క. "అన్న ఎట్లున్నడు రా? ఒకసారి ఫోన్ చూపియ్యి ఆయనకు."

తిన్నావా అని అడగకూడదు. ఆలస్యం చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నేను మర్యాదగా మాట్లాడకూడదు. నేను మర్యాదగా మాట్లాడితే జహీరాబాద్‌లో ఏదో ఘోరం జరిగిందని ఆమెకు తెలుస్తుంది. వెంటనే కొట్టాను. "కాక పండుకున్నడు. లేపితె నన్ను బ్రేక్ అనుకొని తొక్కుతడు."

నవ్వుతున్న బొమ్మ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ప్రెసిడెంట్‌కు చూపించాను. ఆయన కూడా హమ్మయ్య అన్నాడు.

విమానం గోరంత జరిగింది. మళ్ళీ మోగింది.

"నువ్వు తిన్నవా రా?"

ప్రెసిడెంట్ ఆ మాట చదివి నా ముఖం చూశాడు. కాక పెంచిన పిల్ల ఆ మాటను పలకరింపుకు వాడదు. పొద్దున్నుంచి నేను మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. దుకాణం ఆయనకు అప్పజెప్పి చౌరస్తా హోటల్‌కు వెళ్ళాను, మా నాన్న మెట్లెక్కని హోటల్‌కు. ఇడ్లీ పెట్టమన్నాను. ఒక్కటీ వదలకుండా తిన్నాను. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, వచ్చి కాక సీటులో కూర్చుని అప్పుడు జవాబు పెట్టాను.

"తిన్న."

రెండు గీతలూ నీలంగా మారాయి. అవతల ఆమె ఏదో టైపు చేస్తోంది.